లవణుడి బాకీ

‘స్టార్ ట్రెక్: ద నెక్స్ట్ జెనరేషన్’ బ్లూరే డిస్కులు ఏడు సీజన్లవీ చూడడం పూర్తయింది. బొమ్మ ఎలా ఉంది, శబ్దం ఎలా ఉంది, పాత డీవీడీలు ఉన్నవాళ్ళు మళ్ళీ కొనాలా వద్దా అన్నవి ఇలాంటి చోట చెప్పాల్సిన సంగతులు. అవీ చెప్తాను. కాని నేను ఈ పెట్టె తెరిచింది అయిదో సీజన్‌లోని ఒక్క భాగం కోసం. దాని పేరు ‘ది ఇన్నర్ లైట్’. అమెరికాలో 1992 జూన్ 1న ప్రసారమైంది. తర్వాత కొన్నేళ్ళకు జగిత్యాలలో కేబుల్ కనెక్షన్ మీద, స్టార్ ప్లస్‌లో నేను చూశాను. అప్పట్లో జూనియర్ కాలేజీలో ఫిజిక్సు చెప్పేవాణ్ణి. ఆ రాత్రి పట్టుకున్న ప్రశ్న ఇప్పటిదాకా వదల్లేదు. ఇదంతా మాయే అని తెలిసిపోయాక, ఆ మాయలో మనవాళ్ళైనవాళ్ళకు మనం పడ్డ బాకీ ఏమవుతుంది?

కథ తెలియనివాళ్ళ కోసం కొంచెం చెప్పాలి. ఎంటర్‌ప్రైజ్ అనే నౌకకు పికార్డ్ కెప్టెన్. ఆకాశంలో ఎదురుపడ్డ ఒక చిన్న యంత్రం నుంచి కిరణం వచ్చి తాకితే నౌకలోనే కుప్పకూలిపోతాడు. కళ్ళు తెరిచేసరికి కటాన్ అనే గ్రహం మీద, రెసిక్ అనే పల్లెలో ఒక ఇంట్లో ఉంటాడు. నువ్వు జ్వరంలో పడి లేచావు, నీ పేరు కామిన్, నేను నీ భార్యను అంటుంది ఎదురుగా ఉన్న ఎలీన్. కాదు, నేను కెప్టెన్‌ని అని యేళ్ళ తరబడి మొండికేస్తాడు. చివరికి ఆ ఊరివాడైపోతాడు. కూతురు పుడుతుంది, కొడుకు పుడతాడు. పిల్లనగ్రోవి నేర్చుకుంటాడు. వానలు తగ్గిపోతుంటాయి, నేల ఎండిపోతుంటుంది. టెలిస్కోపు పెట్టుకుని చూసీ చూసీ, చచ్చిపోతున్నది తమ సూర్యుడేనని కనిపెడతాడు. ఎలీన్ పోతుంది. మనవడు కాళ్ళకు అడ్డంపడే వయసులో, ఒకరోజు ఊరంతా రాకెట్ ఎగరడం చూడ్డానికి బయల్దేరుతూ ముసలివాణ్ణీ తీసుకుపోతారు. అక్కడ చనిపోయినవాళ్ళంతా వయసు మీద ఉన్నట్టుగా వచ్చి నిలబడి చెప్తారు: ఆ రాకెట్‌లో పెట్టి పంపుతున్నది మా బతుకు జ్ఞాపకం, దాన్ని అందుకున్నవాడివి నువ్వే అని. పికార్డ్ లేచి చూస్తే నౌకలో గడిచింది ఇరవై అయిదు నిమిషాలు. కటాన్ కాలిపోయి వెయ్యేళ్ళయింది. ఆ యంత్రాన్ని విప్పితే లోపల ఒక చిన్న పెట్టె, పెట్టెలో పిల్లనగ్రోవి. తీసి వాయిస్తాడు. చేతులకు రాగం వస్తుంది.

కామిన్ చేసే పని ఏమిటో కథలో ఒక్క మాటలో చెప్పి వదిలేస్తారు. ఇనుమును నేసేవాడు. నేను పుట్టింది సిరిసిల్లలో, సాంచెల, అంటే మరమగ్గాల, చప్పుడు ఆగితే నిద్ర పట్టని ఇంట్లో. మా నాయిన భీవండిలో రాత్రి పాళీలు చేసి, తిరిగొచ్చి సొంతంగా సాంచెలు పెట్టుకున్న మనిషి. ఎక్కడో నక్షత్రాల అవతలి ఊరి మనిషిని కూడా నేతగాడే అన్నందుకు ఆ కథ నాకు మరీ దగ్గరైంది. దీనికి వేరే కారణం వెతకను.

ఇక బొమ్మ సంగతి. ఈ సిరీస్ 1987 నుంచి 1994 దాకా నడిచింది. ముప్పై అయిదు మిల్లీమీటర్ల ఫిలిం మీదే తీశారు. కాని తీసిన ఫిలింను వీడియో టేపు మీదికి ఎక్కించి, కూర్పు పనీ, నౌకలు ఎగిరే దృశ్యాలను కలిపే పనీ టేపు మీదే చేశారు. అలా చేస్తే పని తొందరగా, తక్కువ ఖర్చులో తెమిలేది. దాంతో పూర్తయిన భాగం అనేది ఫిలిం మీద ఎక్కడా లేకుండా పోయింది. ఉన్నదల్లా 480 గీతల వీడియో బొమ్మ. డీవీడీలు దాన్నుంచి చేసినవే, అందుకే పెద్ద టీవీలో పెడితే ముఖాలు మెత్తగా కరిగిపోయినట్టుండేవి. బ్లూరే కోసం సీబీఎస్ కంపెనీ గోదాముల్లోంచి పాతిక వేల పైచిలుకు రీళ్ళ అసలు ఫిలిం బయటికి తీసింది. పాత టేపును పక్కన ఆడిస్తూ, ఏ షాటు ఎక్కడ మొదలై ఎక్కడ తెగిందో చూసుకుంటూ, ప్రతి ముక్కనూ నెగటివ్‌లో వెతికి పట్టుకుని, స్కాన్ చేసి, మళ్ళీ అదే చోట కోసి అతికించారు. నౌకల నమూనాలను విడివిడి పొరలుగా తీసిన ఫిలిం దొరికినంతవరకు, ఆ పొరలనే మళ్ళీ ఒకదాని మీద ఒకటి కూర్చారు. పోయిన చోట మాత్రం కంప్యూటర్ బొమ్మ. మొత్తం 178 భాగాలు. 2012 జనవరిలో మచ్చుకు మూడు కథలతో ఒక డిస్కు విడుదల చేశారు. ఆ మూడింట్లో ‘ది ఇన్నర్ లైట్’ ఒకటి. అదే డిస్కులోని ‘సిన్స్ ఆఫ్ ద ఫాదర్’లో కొన్ని సెకన్ల ఫిలిం ఎంత వెతికినా దొరక్క, పాత టేపు బొమ్మనే పెద్దది చేసి పెట్టాల్సి వచ్చింది. నా లెక్కలో ఆ మసకబారిన సెకన్లు ఆ పని నిజాయితీకి గుర్తు.

పాత స్టార్ ట్రెక్‌కు, అంటే 1966లో మొదలై ఎనభైలలో మన దూరదర్శన్‌లో ఆదివారాలు వచ్చినదానికి, ఇలా జరగలేదు. 2006 నుంచి దానికి కొత్త కంప్యూటర్ దృశ్యాలు తొడిగారు. 2009 బ్లూరేలో మాత్రం పాతవీ కొత్తవీ రెండూ ఇచ్చి, ఏది చూడాలో ఎంచుకోమన్నారు. నేను పాతవే ఎంచుకుంటాను. నెక్స్ట్ జెనరేషన్ వాళ్ళు ఆ పేచీనే రానివ్వలేదు. బొమ్మను వెడల్పు చేయలేదు, పాత టీవీ చట్రం అలాగే ఉంచారు. కొత్తగా చూపించాలన్న యావ లేదు. ఉన్నదాన్ని ఉన్నట్టు నిలబెట్టాలన్న పట్టుదల ఉంది. కొనాలా అని అడిగితే, కొనండి. రెండో సీజన్ పని వేరే వాళ్ళ చేతుల్లో జరిగింది, అది కొంచెం తేలిపోతుంది. మిగతావి నిశ్చింతగా కొనొచ్చు.

కోరుట్లలో మా బామ్మర్ది దుబాయి నుంచి తెచ్చిన వీసీఆర్‌లో ఈ భాగాన్ని కేసెట్ మీద ఎక్కించుకున్నాను. అందులో రెసిక్ పల్లె అంటే గోధుమరంగు మరక, దాని మీద కదిలే నీడలు. ఇప్పుడు కామిన్ వేసుకున్న బట్టలో పడుగూ పేకా కనబడుతున్నాయి. ముసలివాడి ముఖానికి అతికించిన మేకప్ ముడతలూ తెలుస్తాయి. తెలిసినా ఏమీ పోలేదు. కొడుకు బతాయ్ వేషం వేసింది పికార్డ్ పాత్రధారి పాట్రిక్ స్టీవర్ట్ కన్నకొడుకు డేనియల్. ఇప్పుడు ఆ ఇద్దరి పోలికలు చూడగలుగుతున్నాం. కథలోని కొడుకు, బయట ఉన్న కొడుకు, ఒకే ముఖం. లవణుడి కథ నాకు గుర్తొచ్చింది ఇక్కడే.

యోగవాసిష్ఠంలో వసిష్ఠుడు రాముడికి చెప్పిన కథ అది. తెలుగులో దీన్ని ‘వాసిష్ఠ రామాయణం’గా రాసింది మడికి సింగన. తన పద్మపురాణాన్ని ఆయన అంకితమిచ్చింది మన పక్కనున్న రామగిరి దుర్గంలో మంత్రిగా ఉన్న కందనామాత్యుడికి. ఆ కోట గుట్ట ఇప్పుడు పెద్దపల్లి జిల్లాలో ఉంది. అంటే ఆ మనిషి మసలిన నేల ఇదే.

లవణుడు హరిశ్చంద్రుడి వంశపు రాజు. నిండు సభలోకి ఒక ఇంద్రజాలికుడు వచ్చి నెమలి పింఛాన్ని తిప్పుతాడు. రాజు కళ్ళు నిలిచిపోతాయి. ఒక గుర్రం ఎక్కినట్టు, అది అడవిలోకి ఎత్తుకుపోయినట్టు, ఆకలితో చావబోతుంటే ఒక చండాల పిల్ల అన్నం పెట్టినట్టు, ఆమెను పెళ్ళాడి ఆ పల్లెలోనే యేళ్ళకు యేళ్ళు బతికినట్టు, పిల్లలు పుట్టినట్టు అనుభవమవుతుంది. తర్వాత కరువు. తిండి కోసం చిన్నకొడుకు ఏడుస్తుంటే, నా మాంసమే తిననీ అని చితి పేర్చుకుని మంటలో దూకబోతాడు. అప్పుడు మెలకువ వస్తుంది. సభలో గడిచింది కొద్దిసేపే. ఇంద్రజాలికుడు మాయమైపోతాడు.

మోర్గన్ గెండెల్ రాసిన టీవీ కథకూ దీనికీ పోలిక చూడండి. క్షణంలో ఒక పూర్తి బతుకు, తనది కాని ఊరు, పెళ్ళి, పిల్లలు, కరువు, మెలకువ. ఆయన యోగవాసిష్ఠం చదివాడని నేను అనడం లేదు. మనిషి మనసు ఎక్కడున్నా ఈ ప్రశ్న దగ్గరికి వచ్చి ఆగుతుందని మాత్రం అంటాను.

లవణుడి కథను మన ప్రవచనాల్లో సాధారణంగా మెలకువ దగ్గరే ఆపేస్తారు. చూశారా, ఇంత సంసారమూ క్షణంలో పుట్టి క్షణంలో పోయింది, కనుక అంతా మిథ్య అని సారం తీస్తారు. కాని కథ అక్కడ ఆగదు. మర్నాడు రాజు మంత్రులనూ సేననూ వెంటబెట్టుకుని వింధ్యాటవికి పోతాడు. కలలో చూసిన దారులు పట్టుకుని ఆ పల్లెను వెతుకుతాడు. పల్లె ఉంటుంది! కరువుకు మాడిన చెట్లు ఉంటాయి. ఒక ముసలమ్మ కూతురూ అల్లుడూ మనవలూ పోయారని గుండెలు బాదుకుంటుంది. ఆ అల్లుడు తానే. రాజు ఆమెను ఓదార్చి, అక్కడివాళ్ళ కష్టం చూసి, ఆ తర్వాతే రాజధానికి తిరిగొస్తాడు. ఇదెలా సాధ్యమని రాముడు అడిగితే మనసుకూ మనసుకూ మధ్య ప్రతిబింబాలు పడతాయని వసిష్ఠుడు వివరం చెప్తాడు. ఆ వివరం కన్నా నాకు రాజు చేసిన ప్రయాణం ముఖ్యం. కలేగదా అని సింహాసనం మీద సర్దుకుని కూర్చోలేదు, పోయాడు.

సిరిసిల్లలో సాంచెలు ఆగిపోయి నేతగాళ్ళు ఒకరి తర్వాత ఒకరు ప్రాణాలు తీసుకున్న యేళ్ళు నాకు బాగా తెలుసు. శవం ముందు కూర్చుని “అంతా మాయ, ఎవరికెవరు” అనేవాళ్ళను చూశాను. వాళ్ళు చెడ్డవాళ్ళు కారు, ఓదార్చడానికే అనేవారు. కాని పోయినవాడి భార్యకు ఆ మాట ఏ పనికొచ్చింది? నూలు బాకీ మాయ కాలేదు, పిల్లల ఫీజు మాయ కాలేదు. శంకరుల సిద్ధాంతం తెలిసినవాళ్ళెవరూ అలా అనకూడదు కూడా. కలలో కనిపించేది ప్రాతిభాసికం, మెలకువలో లోకం వ్యావహారికం, బ్రహ్మం ఒక్కటే పారమార్థికం అని ఆయన మూడు మెట్లు పెట్టింది ఒక మెట్టు మీది మాటను ఇంకో మెట్టు మీద వాడకుండా ఉండడానికే. వ్యవహారంలో ఉన్నంతకాలం వ్యవహార ధర్మం ఉంటుంది. పై మెట్టు మాటను తెచ్చి కింది మెట్టు మీది బాధ్యత ఎగ్గొట్టడం వేదాంతం కాదు.

అసలు వసిష్ఠుడు ఆ గ్రంథమంతా ఎందుకు చెప్పాడు? తీర్థయాత్ర నుంచి వచ్చిన రాముడు తిండి మాని, నిద్ర మాని, దేనిమీదా మనసు లేక కూర్చున్నాడు. విశ్వామిత్రుడు యాగరక్షణకు పంపమని వచ్చి నిలబడ్డాడు. ఆ పిల్లవాణ్ణి లేపి పనిలోకి పంపడానికి చెప్పిన బోధ అది. సన్యాసం ఇప్పించడానికి చెప్పింది కాదు.

దీనికి ఎదురు వాదం అదే గ్రంథంలో ఉంది, దాచకూడదు. గాధి అనే బ్రాహ్మణుడు నీళ్ళలో మునిగిన క్షణంలో తాను చచ్చి, చండాలుడిగా పుట్టి, కీర దేశానికి రాజై, గుట్టు బయటపడి నిప్పుల్లో దూకినట్టు అనుభవిస్తాడు. ఆయన కూడా పోయి వెతుకుతాడు, ఆయనకూ ఆనవాళ్ళు దొరుకుతాయి. కాని విష్ణువు ప్రత్యక్షమై, అదంతా నీ మనసు మీద పడ్డ నీడ, దాన్ని మోయకు అంటాడు. గాధి తపస్సు చేసుకుని శాంతి పొందుతాడు. కన్న ప్రతి కలకూ బాకీ కట్టాలంటే మనిషి బతకలేడన్నది నిజమే. గాధికి చెప్పిన మాట జబ్బుగా మారిన వెతుకులాటకు మందు. కాని ఆ మందు వెతకడం మొదలే పెట్టనివాడికి కాదు. గాధి కూడా పోయి చూశాకే విడుదలయ్యాడు.

జగిత్యాల జిల్లా ధర్మపురిలో నరసింహస్వామి ఆవరణలోనే యమధర్మరాజుకూ గుడి ఉంది. గోదావరిలో మునిగి వచ్చినవాళ్ళు అక్కడ గండదీపంలో నూనె పోసి పోతారు. విడుదల ఇచ్చే దేవుడి ఇంట్లోనే లెక్క అడిగే దేవుణ్ణి కూర్చోబెట్టిన పెద్దల మీద నాకు గౌరవం.

మా బామ్మర్ది గల్ఫ్‌లో చాలా కాలం ఉన్నాడు. లేబర్ క్యాంపులో అతని పక్క మంచం మనిషి మెట్‌పల్లి వైపువాడు. పనిలో ఉండగానే గుండె ఆగి చనిపోయాడు. బామ్మర్ది వాపసొచ్చి కోరుట్లలో దుకాణం పెట్టుకున్నాడు. అయినా ప్రతి బతుకమ్మ పండక్కి ఆ మనిషి ఇంటికి బట్టలు తీసుకుని పోతాడు, పిల్లల చదువు కనుక్కుంటాడు. గల్ఫ్ రోజుల గురించి అడిగితే ఏమీ చెప్పడు. ఒకసారి మాత్రం అన్నాడు: “అదంత కల లెక్కనే అయిపాయె బావా. గని వాని పిల్లలు కల గాదు గద.” లవణుడు వింధ్యకు ఎందుకు పోయాడో నాకు ఇంతకన్నా బాగా ఎవరూ చెప్పలేదు.

రెసిక్ లాంటి ఊళ్ళు మనకు దగ్గర్లోనే ఉన్నాయి. మధ్యమానేరు జలాశయం కింద కొదురుపాక, వరదవెల్లి, చింతలఠాణా, కొడుముంజ, అనుపురం లాంటి పల్లెల ఇండ్లు, పొలాలు మునిగాయి. ఇరవై అయిదు టీఎంసీలకు పైగా నీళ్ళు పట్టే జలాశయం. 2019లో కాళేశ్వరం నీళ్ళు కూడా వచ్చి చేరాయి. వరదవెల్లి దత్తాత్రేయస్వామి గుట్ట నీళ్ళ మధ్య దీవిలా మిగిలింది. కటాన్ ఎండి పోయింది, ఈ పల్లెలు నిండి పోయాయి. నీళ్ళు కావాలి, నేను కాదనను. ఆ నీళ్ళు పారిన పొలాల పంట నేనూ తింటున్నాను. అందుకే ఆ ఊళ్ళకు నేను బాకీ. పునరావాస కాలనీల్లో పుట్టిన పిల్లలకు వాళ్ళ తాతల వాకిలి ఎలా ఉండేదో చూపించడానికి ఏముంది?

ఉంది. ఎనభైల చివర నుంచి గల్ఫ్ డబ్బుతో, గల్ఫ్ వీసీఆర్లతో మన పల్లెల్లో పెండ్లిండ్లకు వీడియోలు తీయించడం మొదలైంది. ఆ కేసెట్లలో వధూవరులు మాత్రమే లేరు. పందిరి వెనక వాకిలి ఉంది, బావి ఉంది, బొడ్రాయి ఉంది, బారాత్ నడిచిన బజారు ఉంది, ఇప్పుడు లేని ముసలివాళ్ళ ముఖాలు ఉన్నాయి. కటాన్ జనం రాకెట్‌లో పెట్టి పంపింది ఇలాంటిదే. తీసినవాళ్ళకు ఆ ఉద్దేశం లేదు, అయినా పని అదే.

ఆ కేసెట్లు ఉన్నవాళ్ళకు నా విన్నపం. అయస్కాంత టేపు యేళ్ళు గడిచేకొద్దీ బలహీనపడుతుంది, తేమ తగిలితే బూజు పడుతుంది. వీసీఆర్లు చేసే చివరి కంపెనీ, జపాన్‌లోని ఫునాయ్, 2016 జులైలో తయారీ మానేసింది. పనిచేసే యంత్రం దొరకడం ముందుముందు ఇంకా కష్టం. బూజు కనిపిస్తే కేసెట్‌ను ఇంట్లో వీసీఆర్‌లో పెట్టి ఆడించకండి, టేపు తెగుతుంది, యంత్రం హెడ్డు కూడా పాడవుతుంది. తుడవడం తెలిసినవాళ్ళ దగ్గరికి తీసుకుపోండి. మంచిగా ఉంటే పొడి చోట నిలువుగా నిలబెట్టి ఉంచండి. కరీంనగర్‌లోనో హైదరాబాద్‌లోనో కంప్యూటర్‌లోకి ఎక్కించేవాళ్ళు ఉంటారు. ఎక్కించేటప్పుడు పాటలు కలపొద్దనీ, బొమ్మను సాగదీయొద్దనీ, పందిరి ఖాళీగా కనిపించే షాట్లు కోయొద్దనీ చెప్పండి. ఎక్కించాక పాత కేసెట్‌ను పారేయకండి. పాతిక వేల రీళ్ళు ఎవరో గోదాములో ఉంచారు కాబట్టే ఇరవై యేళ్ళ తర్వాత రెసిక్ పల్లెలో బట్టల నేత కనబడింది. కేసెట్ వీపున పెండ్లి తేదీతో పాటు ఊరి పేరూ, పాత మండలం పేరూ రాసి పెట్టండి.